హోమ్ మూసే ముందు ఊళ్లో ఏముండాలి?

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి ఎదుగుదల లోపాలున్న మనుషుల్ని ఊరికి దూరంగా ఒక హోమ్ ప్రహరీ లోపల పెట్టి సాకే పద్ధతికి కాలం చెల్లింది. మన చట్టమే ఆ మాట అంటోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అందరి మధ్యా బతికే హక్కు వాళ్లకుంది. ఫలానా చోటే ఉండాలన్న కట్టడి లేకుండా, ఇంటి దగ్గరే సాయం అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలి. వైకల్యం ఉందన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని, బిడ్డ మేలు కోసం కోర్టు ఉత్తర్వు ఇస్తే తప్ప ఆ పని కుదరదని 9వ సెక్షన్ చెబుతోంది. దివ్యాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై మన దేశం 2007లోనే ఆమోదముద్ర వేసింది. దాని 19వ అధికరణం సారాంశం కూడా ఇదే.

కాబట్టి హోమ్‌లు మూయాలా వద్దా అన్న దగ్గర తగువు లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే తేలాలి. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలను ఎదురుగా పెట్టుకుని ఆలోచిస్తే ఆ వరుసలోనే ప్రాణాలున్నాయని తెలుస్తుంది.

అమెరికాలో న్యూయార్క్ నగరంలోని విల్లోబ్రూక్ హోమ్‌ను 4,000 మంది కోసం కట్టి, 1960ల నాటికి 6,000 మందిని కుక్కారు. 1972లో టీవీ కెమెరా లోపలికి వెళ్లి ఆ నరకాన్ని చూపించింది. దాన్ని మూయడానికి 1987 దాకా పట్టింది. అంతంత పెద్ద ఆవరణలు మన మూడు ఊళ్లలో లేవు. మన దగ్గర ఇలాంటివాళ్ల కోసం నడిచే హోమ్‌లు ఎక్కువగా చిన్నవి. ఎవరో ఒక దయగల మనిషి మొదలుపెట్టినవి, దాతల బియ్యంతో, పుట్టినరోజు అన్నదానాలతో నెట్టుకొచ్చేవి. వాటిలో చేర్చాలన్నా జిల్లా దాటి పోవాల్సి రావచ్చు. హోమ్‌కు పోయినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లో ఉన్నారు కాబట్టి అందరి మధ్యా ఉన్నట్టేనని అనుకోవడానికి లేదు.

ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో ఒక ఇల్లు చూశాను. ముందు గదిలో గుంట మగ్గం, దాని వెనక వంటిల్లు. మగ్గంలో తండ్రి, పక్కన కండెలు చుడుతూ తల్లి, గోడకానుకుని పాతికేళ్ల కొడుకు. ఖాళీ కండెలను రంగురంగులుగా వేరుచేసి బుట్టలో వేయడం అతని పని. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడట. ఎర్రది పసుపుదాంట్లో పడితే తీసి మళ్లీ సరిచేస్తాడు. ఆ ఇంటి తలుపుకు బయట రెండు గొళ్లాలున్నాయి. ‘కింది గొళ్లెం తీయను నేర్చుకున్యాడు సార్, అందుకే పైన ఇంకోటి కొట్టిచ్చినాం’ అంది తల్లి. ఒకసారి తలుపు తీసుకుని మైదుకూరు రోడ్డు దాకా నడిచిపోయాడు. లారీలు తిరిగే రోడ్డు. ఆటో డ్రైవరెవరో గుర్తుపట్టి ఎక్కించుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె ఒక్క పెళ్లికి కూడా పోలేదు. తండ్రి నూలుకు పోయినప్పుడు ఆమె గడప దాటదు, ఆమె ఆసుపత్రికి పోతే మగ్గం ఆగిపోతుంది.

ఆ రెండో గొళ్లెం బిగించినందుకు ఆ తల్లిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. వేరే దారేదీ ఆమెకు ఎవరూ చూపలేదు. కానీ మన ప్రాంతంలో మూయాల్సినవాటి జాబితా రాస్తే మొదట రాయాల్సింది ఇలాంటి గదుల గురించే. హోమ్‌కు కనీసం రిజిస్ట్రేషన్ ఉంటుంది, తనిఖీకి అధికారి వస్తాడు. ఈ గదికి ఎవరూ రారు.

అలాంటి పిల్లవాడు బడి వయసులో ఉన్నంతవరకూ కాస్త ఆసరా ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సహిత విద్య రిసోర్స్ టీచర్లు అక్షరాలు, అంకెలు, పళ్లు తోముకోవడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్పుతారు. రాలేనివాళ్ల ఇళ్లకు పోతారు. వారంలో కొన్ని రోజులు ఫిజియోథెరపీ చేయిస్తారు. లోపాలున్నా, జీతాలు చాలకున్నా, ఆ టీచర్లు చేస్తున్నది గొప్ప పని. కానీ పద్దెనిమిదేళ్లు నిండాక? కేంద్రం తలుపు మూసుకుంటుంది. నిన్నటిదాకా పొద్దున్నే తయారై బ్యాగు తగిలించుకుని పోయిన పిల్ల, మరుసటి రోజు నుంచి పోవడానికి చోటే లేక వాకిట్లో కూర్చుంటుంది. నాలుగైదేళ్లు కష్టపడి నేర్చుకున్నది ఏడాది తిరిగేలోగా మర్చిపోతుంది. హోమ్‌లో చేర్చుకోండంటూ తల్లిదండ్రులు తిరగడం మొదలయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. పిల్ల ఎదిగింది, తల్లికి నడుము నొప్పి వచ్చింది, స్నానం చేయించడం కష్టమైంది. ఆడపిల్లయితే ఇంకో భయం, అది నోటితో చెప్పరు.

పింఛను లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 5,000 నుంచి 15,000కు పెరిగింది. దేశంలో చాలా రాష్ట్రాలతో పోలిస్తే ఇది పెద్ద మొత్తమే, ఎంతో మంది కడుపు నింపుతోంది. అయితే ఆ రెండు అంకెల మధ్య గీత ఎక్కడ గీశారో గమనించాలి. మనిషి కదలగలడా లేదా అన్న దగ్గర గీశారు. ఆటిజం ఉన్న పాతికేళ్ల కుర్రాడు నడుస్తాడు, పరిగెత్తుతాడు. అతన్ని ఒక్క గంట కూడా ఒంటరిగా వదలలేకపోవడానికి కారణం ఆ నడకే. అతని కోసం ఒక మనిషి పని మానుకుని కాపలా ఉండాలి. ఆ కాపలా ఏ సర్టిఫికెట్‌లోనూ ఎక్కదు. ఇంటి లోపల ఒక మనిషి సంపాదన పూర్తిగా ఆగిపోయినా, అంచనా వేసేవాళ్లకు కనబడేది తిరగాడుతున్న కుర్రాడు మాత్రమే.

2025లో పింఛన్ల పునఃపరిశీలన పేరుతో మళ్లీ పరీక్షలు పెట్టారు. ఆగస్టులో చాలా మందికి నోటీసులు వెళ్లాయి. నిరసనలు వచ్చాయి. అనర్హులను ఏరివేయాలన్న పట్టుదలను కాదనను. అయితే కొత్త మనుషుల మధ్య, వరుసల్లో, కేకల్లో నిలబడలేని పిల్లవాడిని డాక్టర్ ముందు కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి శాతం వేస్తే ఆ శాతం అతని బతుకును కొలవదు. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లను గుర్తించే పద్ధతి వేరేగా ఉండాలని 2016 చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. వాళ్లను చూసుకునే మనిషి కోసం భత్యం గురించి 24వ సెక్షన్‌లో ఉంది. ఈ రెండింటినీ కలిపి అమలు చేస్తే ఆ మగ్గం ఇంటి తల్లికి తన పేరుతో కొంత డబ్బు అందుతుంది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పథకం కింద చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలు ఇస్తున్నారు. మొత్తం చిన్నదే. చూసుకోవడం కూడా ఒక పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది, అది చిన్న విషయం కాదు.

పులివెందుల, జమ్మలమడుగు వైపు చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోయే కుటుంబాలకు హోమ్ అంటే అనంతపురం వైపు చూపు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆ జిల్లాలో బుద్ధిమాంద్యం, చెవుడు, అంధత్వం ఉన్న పిల్లలకు వసతి బడులు నడుపుతోంది. ఏ ప్రభుత్వమూ పట్టించుకోని కాలంలో వాళ్లను చేరదీసిన సంస్థ అది, ఆ రుణం రాయలసీమ తీర్చుకోలేదు. అదే సంస్థకు 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ దగ్గర చిక్కొచ్చింది. వేలాది జనం రోడ్డెక్కారు. ఢిల్లీలో ఒక ఫైలు ఆగితే ఇక్కడ పిల్లలకు అన్నం, మందు, పడక ఆగిపోతాయేమోనన్న భయం అది. ఒక మనిషి మొత్తం జీవితాన్ని ఒకే సంస్థకు, ఒకే పద్దుకు కట్టేస్తే ఎంత ప్రమాదమో ఆ నెలల్లో అందరికీ అర్థమైంది. ప్రభుత్వ గ్రాంట్ల తీరూ ఇంతే. కేంద్రం ఇచ్చే దీనదయాళ్ దివ్యాంగ పునరావాస పథకం డబ్బు సంస్థకు పోతుంది, లోపల ఎంత మంది ఉన్నారన్న లెక్క మీద పోతుంది. పిల్లవాడు ఇంటికి తిరిగొస్తే డబ్బు అతని వెంట రాదు. లోపల ఉంచితేనే నడిచే ఏర్పాటులో బయటికి పంపే తొందర ఎవరికి ఉంటుంది?

ఇక మూసివేత సంగతి. దాన్ని చక్కగా చేసినవాళ్లున్నారు, ఘోరంగా చేసినవాళ్లూ ఉన్నారు. స్వీడన్‌లో 1994 జనవరి నుంచే సహాయకుడిని పొందే హక్కు, చిన్న ఇళ్లలో ఉండే హక్కు చట్టబద్ధమయ్యాయి. మిగిలిన సంస్థలన్నీ 1999 చివరికల్లా మూయాలన్న చట్టం ఆ తర్వాత 1997లో వచ్చింది. ముందు ఆసరా, తర్వాత మూత. అమెరికాలో పెన్సిల్వేనియాలోని పెన్‌హర్స్ట్ సంస్థ విషయంలో కోర్టు తీర్పు వచ్చాక, అక్కడి నుంచి బయటికొచ్చినవాళ్లను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో తల్లిదండ్రుల్లో చాలా మంది గట్టిగా వ్యతిరేకించారు. బయట మా బిడ్డను చూసేదెవరన్నది వాళ్ల ప్రశ్న. బిడ్డలు చిన్న ఇళ్లకు మారి, సొంతంగా చేసుకోగల పనులు పెరగడం కళ్లారా చూశాక వాళ్లలో ఎక్కువ మంది మనసు మార్చుకున్నారు. ఆ వ్యతిరేకత మూఢత్వం కాదు. కనబడని ఏర్పాటును నమ్మి బిడ్డను అప్పగించలేకపోయారు, కనబడ్డాక నమ్మారు. మన దగ్గర తల్లిదండ్రులూ అంతే.

దక్షిణాఫ్రికాలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. గౌటెంగ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ 2015లో లైఫ్ ఎసిడిమెని అనే సంస్థతో ఒప్పందం రద్దు చేసుకుంది. వైకల్యం ఉన్నవాళ్లు అందరి మధ్యా బతకాలన్న గొప్ప మాట చెప్పింది, ఖర్చు మిగులుతుందనీ చెప్పింది. మానసిక జబ్బులు, బుద్ధిమాంద్యం ఉన్న సుమారు 1,700 మందిని కొన్ని నెలల్లో, ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలకు, తరలించింది. సరైన లైసెన్సు లేని సంస్థలవి. తగినంత సిబ్బంది లేరు, తిండి లేదు, దుప్పట్లు లేవు. కేసు పత్రాలు లేకుండానే మనుషుల్ని దింపేశారు. ఎవరికి ఏ మందు వేయాలో తెలియదు, తమ బిడ్డ ఎక్కడున్నాడో చాలా కుటుంబాలకు తెలియదు. 144 మంది చనిపోయారు. ఆకలితో, నీళ్లు అందక, చలికి పోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ ఊచకోత ఆదర్శం పేరుతోనే జరిగింది. ‘హోమ్‌లు మూసేయండి’ అని సభల్లో మాట్లాడే ప్రతివాళ్లూ ఆ 144 మందిని తలుచుకున్నాకే నోరు తెరవాలి.

మన దేశంలో లోపల ఉంచినా చావు తప్పలేదు. ఢిల్లీ ప్రభుత్వ ఆశాకిరణ్ హోమ్‌లో 2024 జూలై ఒక్క నెలలోనే 14 మంది చనిపోయారన్న వార్త దేశాన్ని కలచివేసింది. పట్టే సంఖ్యకు మించి కిక్కిరిసిన చోటది. ఆ హోమ్ పరిస్థితులపై చాలా కాలంగా సాగుతున్న కేసులో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, బుద్ధిమాంద్యం లాంటి లోపాలున్నవాళ్ల ప్రభుత్వ సంరక్షణ సంస్థలను దేశమంతటా పరిశీలించే పనిని 8 జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. మంచి పని. కానీ ఆ బృందాలు వచ్చి చూసేది గేటు, బోర్డు ఉన్నచోట్లనే. మగ్గాల వీధిలోని రెండు గొళ్లాల తలుపు వాళ్ల నివేదికలో ఉండదు.

మరి ఏం చేయాలి? ఒకటి స్పష్టంగా చెప్పాలి. చిన్నపిల్లల్ని కొత్తగా హోమ్‌లలో చేర్చుకోవడం ముందు ఆగాలి. లోపల ఉన్న పెద్దవాళ్లను ఎవరూ తొందరపెట్టి బయటికి నెట్టకూడదు. పిల్లల విషయంలో మాత్రం తలుపు ఇప్పుడే మూయొచ్చు, ఎందుకంటే వాళ్లకు భవిత ఉంది, బడి ఉంది, తల్లిదండ్రుల ఒంట్లో ఇంకా ఓపిక ఉంది. ఆ ఓపిక తరిగే చోట ప్రభుత్వం నిలబడాలి.

అలా నిలబడిన చోటు దక్షిణాదిలోనే ఉంది. కేరళలో పంచాయతీలు, మున్సిపాలిటీలే కుటుంబశ్రీ మహిళా సంఘాలతో కలిసి ‘బడ్స్’ కేంద్రాలు నడుపుతున్నాయి. మొదటిది 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో మొదలైంది, ఇప్పుడు మూడు వందలకు పైగా ఉన్నాయి. పద్దెనిమిది దాటినవాళ్లకు వేరే పునరావాస కేంద్రాలున్నాయి. పొద్దున పోతారు, పని నేర్చుకుంటారు, గొడుగులు, నోటుపుస్తకాలు లాంటివి తయారుచేస్తారు, సాయంత్రం ఇంటికొస్తారు. రాత్రి అమ్మ దగ్గరే. పగలు అమ్మ తన పనికి పోగలదు. ఆ పగటి ఏడెనిమిది గంటల్లోనే హోమ్ అవసరం సగం తీరిపోతుంది.

మనకు ఇది కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కాలంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఊరూరా వికలాంగుల సంఘాలు, మండల వికలాంగుల సమాఖ్యలు కట్టించింది. కొన్నిచోట్ల నైబర్‌హుడ్ కేంద్రాల పేరుతో ఇలాంటి పిల్లల కోసం ఊళ్లోనే చోటు పెట్టారు. డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్కలు చూసిన ఆడవాళ్లే వాటి వెనక నిలబడ్డారు. ఆ పని పెద్దది కావాల్సిన సమయంలో ఎవరూ పట్టించుకోక సన్నగిల్లింది. ప్రొద్దుటూరు మున్సిపాలిటీలో, జమ్మలమడుగు, పులివెందులలో ఒక్కో పగటి కేంద్రం పెట్టడానికి ఇప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. భవిత కేంద్రాల్లో పనిచేసిన అనుభవం ఉంది, పట్టణ మహిళల మెప్మా సంఘాలున్నాయి. ప్రొద్దుటూరులోనైతే కండెలు చుట్టడం, నూలు రంగుల వారీ వేరుచేయడం, జరీ సంచుల్లో సర్దడం లాంటి పనులను ఈ పిల్లలకు నేర్పడానికి ఊరే ఒక బడి. ఆ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు కదా.

తల్లిదండ్రులు పోయాక? ఈ ప్రశ్నకు పగటి కేంద్రం జవాబు చెప్పదు. చిన్న ఇల్లే చెప్పాలి. మద్రాసులో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో మిగిలిపోయిన మానసిక రోగులను ‘హోమ్ అగైన్’ పేరుతో ఊళ్లలోని అద్దె ఇళ్లలోకి మార్చింది. ఇంటికి నలుగురైదుగురు, తోడుగా సహాయకులు. సంతకు పోతారు, పక్కింటి పండక్కి పోతారు. వాళ్లది మానసిక జబ్బు, మన మాట బుద్ధిమాంద్యం గురించి, అయినా ఆ ఇంటి ఏర్పాటు రెండు చోట్లా పనికొస్తుంది. మన అంకెలతో లెక్క వేద్దాం. నలుగురి పింఛను కలిపితే నెలకు 24,000 రూపాయలు. ప్రొద్దుటూరులో ఒక మామూలు ఇంటి అద్దె, నలుగురి తిండి, కరెంటు బిల్లు దాంట్లో వెళ్తాయి. వెళ్లనిది సహాయకుల జీతం. రాత్రి ఒకరు, పగలు ఒకరు కావాలి, సెలవులకు ఇంకొకరు. ఆ తేడాను ప్రభుత్వం భరించాలి. ఇప్పుడు గ్రాంటుగా సంస్థకు పోయే డబ్బును మనిషి వెంట నడిపిస్తే ఈ భారం మోయలేనంతగా ఉండదు.

1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు చట్టబద్ధ సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉంటుంది. లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు భరించే నిరామయ బీమా కూడా ఆ చట్టం కిందిదే. అరవై దాటిన తల్లిదండ్రులను ఈ కమిటీ ముందుగా పిలవాలి. అన్నదమ్ముల్లో ఎవరు చూస్తారు, ఆస్తిలో వాటా ఎవరి చేతిలో ఉంటుంది అన్నది తల్లి బతికుండగానే కాగితం మీద ఉండాలి. తల్లి పోయిన పదోరోజున బంధువుల మధ్య తేలితే ఆ బిడ్డ హోమ్‌కే పోతాడు, లేదా మళ్లీ గది లోపలికే.

ఎవరితో మొదలుపెట్టాలన్నది కనుక్కోవడానికి కొత్త సర్వే అక్కర్లేదు. ఈ మూడు పట్టణాల్లో బుద్ధిమాంద్యం పింఛను తీసుకునే ప్రతివారి పేరు, వయసు, చిరునామా ప్రభుత్వ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి వాళ్ల వాకిట్లోనే నిలబడతాడు. డబ్బు చేతిలో పెట్టి, వేలిముద్ర తీసుకున్నాక ఇంకొక్క ప్రశ్న అడగాలి: ‘అమ్మా, నీకు జ్వరమొస్తే వీడిని ఎవరు చూస్తారు?’ ‘ఎవరూ లేరు’ అన్న జవాబులు ప్రొద్దుటూరులో ఎన్ని, జమ్మలమడుగులో ఎన్ని, పులివెందులలో ఎన్ని అన్న పట్టిక ఒక నెలలో కలెక్టర్ బల్ల మీదికి వస్తుంది. మొదటి పగటి కేంద్రం ఏ వార్డులో పెట్టాలో, మొదటి అద్దె ఇల్లు ఎవరి కోసం వెతకాలో ఆ పట్టికే చెబుతుంది.